సైకిలుయాత్రలో కష్టదినము
(తల్లిదండ్రుల కొఱకు ఒక పాఠము)

దూరదేశములకు సైకిలుపై పోయి వచ్చినవారి కథలు వినుటకు ఇంపుగా నుండును. పటముపై గీచిన గీతయు, మెడలోని పూలదండయు, తిరిగి వచ్చినపుడు తీయించుకొనిన ఛాయాచిత్రమును మనకు కనబడును. కాని ప్రతి దీర్ఘయాత్రలోను పటమునకెక్కని దిన మొకటి యుండును. ఆ దినమున ఎండ తగ్గదు, గాలి ఎదురుగా వీచును, నీరు అయిపోవును, దారి తెలియదు, తెలియదని చెప్పుకొనుటకు భాష రాదు. యాత్ర సాగునో ఆగునో ఆ దినముననే తేలును. అట్టి కష్టదినమును గూర్చి ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

ఇందులకు కారణము కలదు. వచ్చు విద్యాసంవత్సరమున తొమ్మిదవ తరగతి బాలబాలికలను బెళ్ళందూరునుండి పలమనేరువఱకు మూడు దినముల సైకిలుయాత్రకు తీసికొనిపోవలెనని మన పాఠశాలలో ఆలోచన జరుగుచున్నది. తల్లిదండ్రులలో కొందఱు సంతోషించిరి, కొందఱు జంకిరి. “మార్గమధ్యమున కష్టము వచ్చినచో పిల్లలేమి చేయుదురు?” అని వారడిగిరి. ఈ ప్రశ్న న్యాయమైనది. వట్టి ధైర్యవచనములు దీనికి సమాధానము కావు. ప్రపంచయాత్రలు చేసినవారు కష్టదినమును ఎట్లు గడపిరో, ఎచట ఆగిరో, ఎచట మఱలిరో తెలిసికొనుట మేలు.

1. ఆఱుగురు బొంబాయి యువకులు

1923వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన ఆఱుగురు పారశీక యువకులు బొంబాయినుండి సైకిళ్లపై ప్రపంచయాత్రకు బయలుదేరిరి. వారందఱును ఆ నగరమందలి ఒక వ్యాయామసంఘములో బరువులెత్తుట అభ్యసించినవారు. ఆఱుగురిలో యాత్రను పూర్తిచేసినవారు ముగ్గురు: ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూమ్‌గరా. మిగిలిన ముగ్గురు వేఱువేఱు కారణములచే మార్గమధ్యమున విడిపోయిరి. వారిలో ఒకరు అమెరికాలో నిలిచిపోయిరి. ఇరాను, ఇరాకు, సిరియా దేశముల మీదుగా ఐరోపాకును, అటుపై అమెరికా, జపాను, కొరియా, చైనా దేశములకును పోయి, బర్మాదారిన తిరిగివచ్చి, 1928 మార్చి 18వ తేదీన వారు బొంబాయి చేరిరి. మొత్తము దూరము సుమారు 71,000 కిలోమీటర్లు. తమ యాత్రను 1931లో ఆంగ్లమున గ్రంథముగా ప్రకటించిరి.

71,000 అను సంఖ్య భయము గొల్పును. కాని దానిని దినములతో భాగించి చూడుడు. నాలుగు సంవత్సరముల ఐదు మాసములు, అనగా సుమారు 1,616 దినములు. విశ్రాంతి దినములను కూడ కలుపుకొని సగటు దినమునకు 44 కిలోమీటర్లు మాత్రమే. మన బెళ్ళందూరునుండి హొసకోటెకు పోయి వచ్చు దూరము అంతకు తక్కువ కాదు! ప్రపంచమును చుట్టి వచ్చుటలోని రహస్యము ఒక దినమున చేసిన అద్భుతము కాదు. 44 కిలోమీటర్లను నాలుగున్నర సంవత్సరములు విడువకుండుట.

వీరి యాత్రలో మిక్కిలి కఠినమైన భాగము బాగ్దాదునుండి అలెప్పోవఱకు గల ఎడారి. 956 కిలోమీటర్ల దూరమును వారు 23 దినములలో దాటిరి. దినమునకు సుమారు 42 కిలోమీటర్లు. ఇసుకతుపానులు, తాళలేని ఎండ, దప్పిక వారిని మిక్కిలి బాధించెను. మంచి బాటపై ఒక పూటలో పోదగిన దూరమునకు ఎడారిలో ఒక దినమంతయు పట్టెను. ఏల? దీనిని పిల్లలు లెక్కవేసి తెలిసికొనగలరు.

2. నీటి లెక్క

తీవ్రమైన ఎండలో సైకిలు త్రొక్కు మనుష్యునికి గంటకు సుమారు ఒక లీటరు చెమట పోవుట సామాన్యము. ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పోవును. దినమునకు 8 గంటలు త్రొక్కినచో 8 లీటర్లు. లీటరు నీటి బరువు ఒక కిలో. కావున మూడు దినములకు సరిపడు నీరు మోయవలెనన్నచో 24 కిలోలు. అది సైకిలు బరువుకంటె ఎక్కువ. ఆ బరువుతో ఇసుకలో చక్రములు మఱింతగా దిగబడును. దిగి త్రోయవలసి వచ్చును. త్రోసినకొలది చెమట ఎక్కువగును. చెమట ఎక్కువైనకొలది నీరు ఇంకను కావలెను. ఎడారిలో బలవంతుడు కూడ ఓడునది ఈ చక్రబంధమువలననే. ఇసుకతుపాను లేని దినమున కూడ ఈ లెక్క మారదు.

పొడిగాలిలో మఱియొక మోసము కలదు. చెమట పుట్టిన వెంటనే ఆరిపోవును. చొక్కా తడియదు. నీరు పోవుచున్నదని ప్రయాణికునికి తెలియదు. 50 కిలోల బరువుగల వ్యక్తి శరీరమునుండి ఒక లీటరు నీరు తగ్గినచో, అనగా నూటికి రెండు వంతులు తగ్గినచో, శక్తియు ఏకాగ్రతయు సన్నగిల్లనారంభించును. దప్పిక అయినపుడు త్రాగుదమనుకొనుట చాలదు. అంతకు ముందే కొంచెము కొంచెముగా త్రాగుచుండవలెను.

చెమటతో నీరేకాక ఉప్పు కూడ పోవును. అందుచే గంటలకొలది వట్టి నీరు మాత్రమే త్రాగుటయు మంచిది కాదు. అనంతపురము, కర్నూలు ఎండలలో పెరిగిన మన పెద్దలు ఉప్పు వేసిన మజ్జిగను ఊరక త్రాగలేదు. విరేచనములు పట్టుకొనినపుడు ఇంట చేయదగిన ద్రావణము కూడ పిల్లలకు తెలిసియుండవలెను: ఒక లీటరు పరిశుభ్రమైన నీటిలో ఆఱు సమతల చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా యనగా టీచెంచా. ఉప్పు ఎక్కువైనచో కీడు కలుగును గనుక కొలత తప్పరాదు.

ఎండదెబ్బ తగిలినవానికి తల తిరుగును, మాట తడబడును, ఒక్కొక్కప్పుడు చెమట నిలిచిపోయి ఒడలు కాలిపోవును. మాట తడబడినదన్నచో ఆలస్యము చేయరాదు. నీడకు చేర్చి, ఒంటిపై నీరు పోసి, విసరి, వెంటనే వైద్యుని యొద్దకు కొనిపోవలెను.

కనబడిన చెఱువునీరెల్ల త్రాగదగినది కాదని బెళ్ళందూరువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. 2017 ఫిబ్రవరిలో మన చెఱువుపై మంటలు లేచుటను లోకమంతయు చూచినది.

3. ఎదురుగాలి లెక్క

సైకిలుయాత్రికుడు కొండకంటె ఎక్కువగా విసిగికొనునది ఎదురుగాలిని. కొండకు శిఖరము కలదు. గాలికి శిఖరము లేదు.

గాలి నిరోధము వేగముతోపాటు సమానముగా పెరుగదు. వేగముయొక్క వర్గమును అనుసరించి పెరుగును. నిశ్చలమైన గాలిలో గంటకు 15 కిలోమీటర్ల వేగమున పోవు బాలునికి 15 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలినదనుకొందము. ఇప్పుడు వాని ముఖమునకు తగులునది 30 కిలోమీటర్ల గాలి. వేగము రెండింతలైనది, నిరోధము నాలుగింతలైనది. మునుపటి వేగమును నిలుపుకొనవలెనని పంతము పట్టినచో గంటలోనే శక్తి యుడిగిపోవును.

దీనికి ఉపాయములు మూడు. వేగము తగ్గించుకొనుట మొదటిది. సాధారణముగ గాలి తక్కువగా నుండు ఉషఃకాలముననే బయలుదేరుట రెండవది. ఒకరి వెనుక ఒకరు వరుసగా పోవుచు, ముందు పోవువారు మారుచుండుట మూడవది. వెనుక పోవువానికి శ్రమ చాల తగ్గును. బలవంతుడు ముందుండి గాలిని కాచుటయు, కొంతసేపటికి మఱియొకడు ఆ బరువును తాను పుచ్చుకొనుటయు తరగతిగదిలో ఉపన్యాసముచే నేర్పదగిన సంగతి కాదు.

4. ఒక బాలిక పుట్టినరోజు కోరిక

“ఆడపిల్లలను కూడ తీసికొనిపోవుదురా?” అని కొందఱు తల్లులు అడిగిరి. తీసికొనిపోవుదుము. ఇందులకు ఇద్దఱి చరిత్ర చెప్పెదము.

ఐర్లండు దేశమున డెర్వ్లా మర్ఫీ అను బాలికకు పదవ పుట్టినరోజున ఒక పాత సైకిలును, ఒక పటముల పుస్తకమును కానుకగా లభించెను. ఒకనాటికి సైకిలుపై ఇండియాకు పోవుదునని ఆమె అప్పుడే నిశ్చయించుకొనెను. రోగపీడితురాలైన తల్లికి సేవచేయుటకై పదునాలుగవ యేట చదువు మానవలసి వచ్చెను. తల్లి 1962లో గతించువఱకు ఆ కోరిక వేచియుండెను. 1963 జనవరిలో, ఐరోపాలో మిక్కిలి కఠినమైన చలికాలమున, ఆమె ఒంటరిగా బయలుదేరెను. టైర్లు దొరకని దేశములున్నవని తెలిసి, మార్గమందలి కొన్ని పట్టణములకు వానిని ముందుగానే పంపించుకొనెను.

ఆమె కష్టదినము ఎక్కడ వచ్చెనో చూడుడు. ఆఫ్గనిస్తానమున, సైకిలుపై కాదు, బస్సులో! ప్రయాణికుల మధ్య కలహము రేగి, తుపాకి మడమ తగిలి ఆమె ప్రక్కటెముకలు విఱిగెను. కొన్ని దినములు ఆగి, నయమైన పిమ్మట మఱల సాగెను. తరువాత 4,100 మీటర్లకు మించిన బాబూసర్ కనుమను మంచులో సైకిలును ఈడ్చుకొనుచు దాటెను. ఆ యెత్తున గాలి పీడనము సముద్రతీరమున నుండుదానిలో సుమారు ఐదింట మూడు వంతులే. పది అడుగులకే ఆయాసము వచ్చును. ఆ యేటి వేసవిలో ఆమె ఢిల్లీ చేరెను. ఇట్టి యాత్రలను గూర్చి అనేక గ్రంథములు వ్రాసి, 2022లో తొంబదియవ యేట గతించెను.

రెండవయామె మన దేశపు యువతి, పూనా నగరమునకు చెందిన వేదాంగి కులకర్ణి. 2018లో ఇరువది సంవత్సరముల వయస్సున, ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమున ఆరంభించి, 14 దేశముల మీదుగా సుమారు 29,000 కిలోమీటర్లు 159 దినములలో త్రొక్కి, డిసెంబరులో కలకత్తా చేరెను. కెనడాలో ఎలుగుబంటి వెంబడించెను. స్పెయినులో దుండగులు కత్తి చూపి దోచుకొనిరి. రష్యాలో మంచుపై ఒంటరిగా రాత్రులు గడపెను. దోపిడి జరిగిన దినముతో యాత్ర ముగిసినదని ఎవరైనను అనుకొందురు. ఆమె అట్లనుకొనలేదు.

5. అలసిన బుద్ధియు, ముందుగా చేసికొనిన నిర్ణయమును

ఈ చరిత్రలను కేవలము పట్టుదల కథలుగా చదువుట పొరపాటు. పట్టుదలయే చాలునన్నచో గోడకు తల కొట్టుకొనువాడు కూడ వీరుడగును.

దప్పికయు, ఆకలియు, అలసటయు మొదట హరించునది కాళ్ల బలమును కాదు, వివేకమును. గంటలకొలది త్రొక్కినవాని కండరములలోని చక్కెర నిల్వ తఱిగిపోవును, కోపము వచ్చును, చిన్న కూడిక కూడ తప్పును. అట్టివాడు “ఇంకొక్క మలుపు పోయి చూతము” అనును. కష్టదినమున చేయు నిర్ణయములలో చాల భాగము చెడ్డవగుటకు కారణమిదియే. కావున ముఖ్యనిర్ణయములను ఉదయమున, కడుపు నిండి తల చల్లగా నున్నపుడే చేసికొనవలెను. “నీరు సగము కాగానే తరువాతి ఊరు కనబడనిచో వెనుకకు మఱలుదుము, సాయంకాలము ఐదు గంటలకు ఎచటనున్నను ఆగుదుము, ఒకరికి జ్వరమైనచో అందఱము ఆగుదుము.” ఇట్టి నియమములు ముందే వ్రాసికొనినచో, ఆగినవానికి అవమానముండదు.

మఱలుట ఓటమి కాదనుటకు థామస్ స్టీవెన్సు యాత్ర సాక్ష్యము. ఈయన 1884 ఏప్రిలు 22న సాన్‌ఫ్రాన్సిస్కోనుండి బయలుదేరి, 1886 డిసెంబరు 17న జపానులోని యోకోహామా చేరి, సైకిలుపై లోకమును చుట్టిన మొదటివాడని పేరొందెను. ముందుచక్రము మిక్కిలి పెద్దదైన ఆ కాలపు సైకిలుపై ఆయన పోయెను. ఆఫ్గనిస్తానమున అధికారులు ఆయనను నిర్బంధించి ఇరానుకు వెనుకకు పంపించివేసిరి. ఇండియా కొలది వారముల దూరమున నున్నది; దారి మూసికొనిపోయెను. ఆయన కాస్పియను సముద్రము దాటి, ఇస్తాంబులునకు పోయి, ఓడలెక్కి, వేల మైళ్లు చుట్టి కరాచీ చేరి, లాహోరునుండి కలకత్తావఱకు మఱల సైకిలు త్రొక్కెను. వెనుకకు పోయిన ఆ వేల మైళ్లు కూడ యాత్రలోనివే.

మఱలుటకు వ్యవధి దొరకని దినములును కలవు. సైకిలుయాత్రికుడు కాకపోయినను మన తెలుగు సాహసికుడు మల్లి మస్తాన్ బాబును ఈ సందర్భమున స్మరించుట విధి. నెల్లూరుజిల్లాలోని పల్లెలో జన్మించి, 2006లో ఏడు ఖండముల ఏడు ఉన్నతశిఖరములను 172 దినములలో అధిరోహించిన ఆయన, 2015 మార్చిలో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములలో ఒంటరిగా ఎక్కుచు అసువులు బాసెను. ఎంత అనుభవజ్ఞునికైనను ప్రకృతిపై హామీ లేదు. ఈ సంగతిని పిల్లలయొద్ద దాచి సాహసమును బోధించుట సత్యమైన బోధ కానేరదు.

6. అడుగ నేర్చిన నోరు

నీటి లెక్క చూచితిమి గదా. మూడు దినముల నీరు ఎవడును మోయలేడు. మోయలేనపుడు అడుగవలెను. ఎడారి దాటినవారును, కనుమ దాటినవారును ఎవరో ఒకరి గుడారమునందో గుడిసెలోనో నీరు త్రాగి దాటినవారే. అడుగుటకు భాష కావలెను. పూర్తిగా రాకపోయినను, పరభాషలో నోరు విప్పుటకు జంకు లేకుండవలెను.

తెలుగులో ప్రసిద్ధమైన యాత్రాగ్రంథము కాశీయాత్రచరిత్రను వ్రాసిన ఏనుగుల వీరాస్వామయ్య వృత్తిచే ద్విభాషి. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ఒక భాషలోని మాటను మఱియొక భాషలో చెప్పుట ఆయన ఉద్యోగము. 1830 మే 18న చెన్నపట్టణమున బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చువఱకు పదునైదు మాసములకు మించి నడచిన ఆ యాత్రలో, దారియందలి ఊళ్లను, నీటి వసతిని, జనుల వాడుకలను వ్రాసియుంచుచు పోయెను. రెండు భాషల మధ్య బ్రతికినవాడు మంచి యాత్రికుడగుటలో ఆశ్చర్యము లేదు.

మన పిల్లలు ఆ విద్యను ఎఱుగకయే అభ్యసించుచున్నారు. ఇంట తెలుగు, వీథిలో కన్నడము, పొరుగింట తమిళము, పుస్తకములలో ఆంగ్లమును హిందీయును. భాషాల్పసంఖ్యాకులమైన మనము దీనిని భారమని తలంచి, “మా బిడ్డకు ఇన్ని భాషలా?” యని చింతించుచుందుము. అపరిచితుని గుమ్మమున నిలిచి “కొంచెము నీరిప్పింపుడు” అని అతని భాషలో అడుగగల బిడ్డకు ఆ భారమే ఆస్తి.

7. మన యాత్ర

ఇక మన మూడు దినముల యాత్రను గూర్చి. దారి సర్జాపుర, మాలూరు, బంగారుపేట, బేతమంగల, వి.కోటలమీదుగా పలమనేరు. దూరము సుమారు 120 కిలోమీటర్లు; దినమునకు 40. బొంబాయి యువకుల సగటుకంటె కొంచెము తక్కువ. 2001లో మూతపడిన కోలారు బంగారుగనుల ప్రాంతమును, పాలారు నీటి బేతమంగల చెఱువును పిల్లలు చూతురు. కన్నడము క్రమముగా తెలుగులో కలియుటను దారిపొడవున చెవులతో విందురు.

నేటి సైకిలుయాత్రికునికి ముఖ్యశత్రువు తోడేలు కాదు, ఇసుక కాదు, మోటారు వాహనము. బెళ్ళందూరు వలయరహదారిని చూచువారికి ఇది తెలియును. అందుచేతనే జాతీయరహదారిని విడిచి చిన్న బాటలను ఎంచుకొంటిమి. సూర్యోదయమునకు ముందే బాట ఎక్కము. సూర్యాస్తమయమునకు చాల ముందే దిగుదుము. తలకు శిరస్త్రాణము లేనివారిని రానీయము. ముందొక ఉపాధ్యాయుడు, వెనుక ఒక ఉపాధ్యాయురాలు సైకిళ్లపై నుందురు. మందులతోను నీటితోను ఒక వ్యాను వెంట వచ్చును. పంక్చరు వేయుటను, చైను ఎక్కించుటను, బ్రేకు సరిచేయుటను ప్రతి విద్యార్థియు బయలుదేరుటకు ముందే నేర్చికొనవలెను. బాలురు బాలికలనియెడి భేదము లేదు. వేరుసెనగ ఉండలు, అటుకులు, అరటిపండ్లు దారిబత్తెము.

ఇంత ఏర్పాటు చేసినను కష్టదినము రాదని మేము మాట ఇయ్యజాలము. ఒకనికి కాలు పట్టుకొనవచ్చును. ఒకతె మాలూరు దాటకముందే ఏడ్వవచ్చును. అట్టివారు వ్యానులో ఎక్కి విశ్రమింతురు. మఱునాడు వీలైనచో త్రొక్కుదురు. వారి పేర్లు కూడ యాత్రికుల పట్టికలోనే వ్రాయుదుము.

సమ్మతిపత్రము వ్రాయుటకు ముందు ఈ క్రింది ప్రశ్నలను పిల్లలతో కూర్చుండి చర్చింపుడని కోరుచున్నాము.

1. గంటకు ముప్పాతిక లీటరు చొప్పున చెమట పోయినచో, 5 గంటల ప్రయాణమునకు ఎంత నీరు కావలెను? దారిలో ఎన్ని చోట్ల నింపుకొనవలెను?
2. గంటకు 12 కిలోమీటర్ల వేగమున పోవువానికి 12 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలినచో నిరోధము ఎన్ని రెట్లగును?
3. ఎట్టి పరిస్థితిలో ఆగుదువు? ఎట్టి పరిస్థితిలో మఱలుదువు? మీ నియమములు మూడు వ్రాయుము.
4. కన్నడమునను, తమిళమునను నీరడుగుట, దారి అడుగుట, వైద్యుడెక్కడని అడుగుట నేర్చికొంటివా?
5. (ఇది తల్లిదండ్రులకు మాత్రమే.) సగము దారిలో ఆగి వచ్చిన బిడ్డను మనమింటి గుమ్మమున ఏమని పలుకరింతుము?